నోటిలోని నిప్పు, గదిలోని ఎండ

మానవుడు నిప్పును మచ్చిక చేసికొన్ననాటి నుండి వెచ్చదనమునకును వెలుతురునకును దగ్గరగా జరుగుచునే యున్నాడు. చలిదేశమువాడు ఎండకొరకు ఎదురుచూచును. కొండదేశమువాడు కుంపటిని ఒడిలో పెట్టుకొనును. మన ఉత్తరకోస్తా తీరమున చుట్టలోని నిప్పునే నోటిలో దాచుకొను ఆచారము కలదు. ఈ మూడును వేరువేరు దేశములలో, వేరువేరు అవసరములనుండి పుట్టిన అలవాట్లు. అయినను వైద్యచరిత్రలో ఈ మూడింటి కథయు ఒక్క అధ్యాయముననే చేరినది. అది కాన్సరు అధ్యాయము. ఆ కథను, అందును ముఖ్యముగా పలాస, టెక్కలి, ఉద్దానపు తీరమునకు సంబంధించిన భాగమును, పాఠకులకు విన్నవింపదలచితిమి.

ముందుగా ఎండ మాట. 1801వ సంవత్సరమున జర్మనీలోని యేనా నగరమున రిట్టర్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగు వద్ద వెండి లవణమునుంచి పరీక్షించెను. ఊదారంగును దాటిన తరువాత, కంటికేమియు కనిపించని తావున, ఆ లవణము అన్నిటికంటె వేగముగా నల్లబడినది. ఆ కనిపించని కిరణములనే నేడు మనము అతినీలలోహిత కిరణములు అనుచున్నాము.

తరువాతి నూరేండ్లలో ఈ కిరణములకు వైద్యశాస్త్రమున గొప్ప మన్నన లభించినది. డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మక్షయకు కాంతిచికిత్స కనిపెట్టి 1903లో నోబెల్ బహుమానమునందెను. 1919లో బెర్లిను నగరమున హుల్ద్‌షిన్‌స్కీ అను పిల్లల వైద్యుడు పాదరస దీపపు కాంతితో రికెట్సు అను ఎముకల వ్యాధిని నయము చేసి చూపెను. ఎండ మందు అయినది. ఎండనిచ్చు దీపమును మందే అయినది. ఆసుపత్రిలో రోగికి కొలతవేసి ఇచ్చిన దానిని, క్రమముగా ఆరోగ్యవంతులు ఇండ్లలో కొలత లేకయే వాడసాగిరి.

దీనికి తోడు సౌందర్యమును గూర్చిన అభిప్రాయము కూడ తలక్రిందులైనది. పూర్వము ఐరోపాలో నీడపట్టున నుండి తెల్లగా నుండుట కలవారి లక్షణము. ఎండలో కమిలిన చర్మము పొలము పనివారి గుర్తు. యంత్రశాలలు వచ్చి కూలిజనము గోడల నడుమ పాలిపోయిన పిమ్మట, సముద్రతీరమున తీరికగా పరుండి ఒడలు రాగిరంగునకు తెచ్చుకొనుట గొప్పతనమునకు చిహ్నమైనది. 1920ల తరువాత ఈ వేడుక ఐరోపా, అమెరికాలలో బాగుగా ప్రబలినది. 1970లలో మనిషి పడుకొనుటకు వీలైన దీపపు మంచములు అంగళ్ళలోనికి వచ్చినవి. పైనను క్రిందను గొట్టపు దీపములు, నడుమ మనిషి. కొద్ది నిమిషములలో ఎండకాగిన రంగు. చలికాలమునందును, వానలోను, డబ్బిచ్చినవానికి గదిలోనే ఎండ దొరకినది.

హెచ్చరిక లేకపోలేదు. 1894లోనే హాంబర్గు నగరపు చర్మవైద్యుడు ఉన్నా, ఏండ్ల తరబడి ఎండలో ఓడలమీద పనిచేసిన నావికుల చర్మము ముదిరి, గరుకుబారి, కాన్సరునకు దారితీయుటను వర్ణించెను. 1928లో ఫిండ్లే అను పరిశోధకుడు చిట్టెలుకలపై పాదరస దీపపు కాంతిని ప్రసరింపజేసి వాటి చర్మమున కాన్సరు పుట్టుటను చూపెను. ఎండ చేయునదే దీపమును చేయునని ఆనాడే తేలినది. అయినను వేడుక ఆగలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1992లో సూర్యకిరణములను, 2009లో ఈ దీపపు మంచములను, మానవులకు కాన్సరు కలిగించునని నిశ్చయముగా తెలిసిన వస్తువుల మొదటి వర్గమున చేర్చినది. ముప్పది యేండ్లు నిండకముందే ఈ మంచములను వాడ మొదలుపెట్టినవారిలో, మెలనోమా అను ప్రమాదకరమైన చర్మకాన్సరు ముప్పు సుమారు 75 శాతము హెచ్చుగా నున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది. ఫిండ్లే చిట్టెలుకల నాటినుండి ఈ ప్రకటన వరకు ఎనుబది యొక్క సంవత్సరములు గడచినవి.

ఈ కిరణములు చేయు హాని ఎట్టిది? మన శరీరములోని ప్రతి జీవకణమునను దాని నడవడికను నిర్ణయించు పొడవైన దారము వంటి పదార్థము ఒకటి గలదు. దానిని డి.ఎన్.ఏ. అందురు. అతినీలలోహిత కిరణము తగిలినపుడు ఆ దారమునందలి పక్కపక్క పోగులు రెండు ఒకదానికొకటి అతుకుకొనును. కణము ఆ తప్పును చాలవరకు తానే సరిదిద్దుకొనును. దెబ్బమీద దెబ్బ తగులుచున్నపుడు కొన్ని తప్పులు దిద్దుబాటు కాక మిగిలిపోవును. అట్లు మిగిలినవి పేరుకొని పేరుకొని, ఏండ్లు గడచిన తరువాత ఒకనాడు ఆ కణము హద్దు మీరి పెరుగనారంభించును. అందుచేతనే చేసిననాటికిని, అనుభవించుననాటికిని నడుమ ఇరువది ముప్పది యేండ్ల యెడము. ఈ యెడమే ఇటువంటి అలవాట్లన్నిటికిని రక్షణకవచము. నిన్న త్రాగినవాడు నేడు బాగుగనే యున్నాడు గదా అని లోకము నమ్మును.

ఇక మన తీరమునకు వత్తము. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేయువారికిని, భావనపాడు, బారువ వైపు వలలు లాగువారికిని, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలలో తిరుగువారికిని ఎండ కొనవలసిన వస్తువు కాదు. అది ఉదయము నుండి సాయంకాలము వరకు నెత్తిమీదనే యుండును. అయినను ఐరోపా జాతులవారిలో కనిపించునంతగా చర్మకాన్సరు మనవారిలో కనిపించదు. మన చర్మములోని మెలనిన్ అను నల్లని వర్ణపదార్థము కిరణములను చాలవరకు పీల్చుకొని, కణములకు గొడుగు పట్టును. ఎవరి చర్మమున ఈ పదార్థము పుట్టుకతోనే లోపించినదో వారికి మన యెండ నిజముగా ప్రమాదకరము. అట్టివారు నిండుబట్టలతో, గొడుగుతో, నీడలో నుండవలసినదే. బొల్లికిని, సోరియాసిస్‌కును ఆసుపత్రులలో అతినీలలోహిత దీపముతో చికిత్స చేయుట కలదు. అది వైద్యుడు కొలిచి ఇచ్చు మందు. గదిలో ఎండ కొనుక్కొను వేడుక వేరు.

ఇచ్చట ఒక వింత గమనింపదగినది. వారు నల్లబడుటకు డబ్బిచ్చుచున్నారు. మనవారు తెల్లబడుటకు లేపనములు కొనుచున్నారు. ప్రకృతి మనకు ఉచితముగా ఇచ్చిన గొడుగును మనమే చులకనగా చూచుచున్నాము. కాని ఆ గొడుగు శరీరమున అన్ని చోట్లను రక్షింపజాలదు. కాశ్మీరమున చలికాలమున బొగ్గునిప్పులు పోసిన మట్టికుండను పుల్లల అల్లికలో నుంచి, పొడవైన అంగీ క్రింద పొట్టకు ఆనించుకొందురు. దానిని కాంగడీ అందురు. ఏండ్ల తరబడి ఆ వేడి సోకినచోట, పొట్టమీదను తొడలమీదను, చర్మకాన్సరు పుట్టుటను 1866లోనే ఎల్మ్‌స్లీ అను వైద్యుడు లోకమునకు తెలిపెను. కాశ్మీరమున పొట్ట ఎట్లో, మన తీరమున అంగిలి అట్లు.

అంగిలి కథకు మూలము పొగాకు. పోర్చుగీసు నావికులు సముద్రము దాటించి తెచ్చిన ఈ ఆకు కొద్దికాలముననే ఆంధ్రదేశపు నేలలో ఇంటిపంట అయినది. ఆకును చుట్టగా చుట్టి వెలిగించుట అందరికిని వచ్చిన విద్య. అయితే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో చుట్టను వెలిగించిన పిదప మండుచున్న కొసను నోటిలోపలికి త్రిప్పి పెదవులు మూసికొందురు. దీనిని అడ్డపొగ అనియు, అడ్డచుట్ట అనియు పిలుతురు. గాలి చుట్టయొక్క చల్లని కొసనుండి లోనికి పోవును. పొగ నోటిలోనే నిండును. బూడిదను కొంత ఉమిసి, కొంత మ్రింగుదురు. పురుషులలోను కలదు గాని, ఈ అలవాటు ముఖ్యముగా స్త్రీలది.

ఎందుకిట్లు త్రాగుదురు అను ప్రశ్నకు ఊరికొక సమాధానము వినిపించును. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండుటకని కొందరు, తడిచేతులతో చేపలు కడుగునపుడును బట్టలుదుకునపుడును మాటిమాటికి చుట్టను చేతబట్టవలసిన పని లేకుండుటకని కొందరు, పెద్దల యెదుట పొగ కనబడకుండుటకని కొందరు, పంటినొప్పి తగ్గునని కొందరు చెప్పుదురు. ఒక ముసలమ్మ మాతో అన్న మాట యిది: “నిప్పు లోనుంటే గాలికారిపోదు బాబూ. సేతులు రెండూ పనికే ఉంటాయి. మాయమ్మ తాగింది, నేను తాగినాను.” ఆ రెండు మూడు మాటలలో ఈ ఆచారపు చరిత్ర అంతయు ఇమిడియున్నది. ఇది సోమరితనమున పుట్టిన విలాసము కాదు. తీరికలేని పనిలో పుట్టినది. తల్లి వెలిగించిన చుట్టనుండి కూతురు నేర్చినది. దీనిని తలచి నవ్వుటకు పట్టణవాసులమగు మనకు హక్కు లేదు.

అయితే అంగిలికి ఈ న్యాయము తెలియదు. నోటిలో మండు కొస దగ్గర వేడి 120 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నుండునని కొలిచి చూచినవారు చెప్పిరి. నీరు మరుగుటకు నూరు డిగ్రీలు చాలును. ఉమ్మి, నాలుక, అలవాటు కలిసి నోటిని తత్‌క్షణము కాలిపోకుండ కాపాడును గాని, ఆ వేడియు, పొగలోని విషపదార్థములును, దినమునకు పలుమార్లు, ఏండ్ల తరబడి, గట్టి అంగిలి మీదనే తగులును. లోకమున నోటి కాన్సరు సామాన్యముగా నాలుకకో, బుగ్గకో వచ్చును. గట్టి అంగిలికి వచ్చుట అరుదు. మన తీరమున మాత్రము ఆ అరుదైనదే తరచుగా కనిపించినది. వైద్యుల చూపును మొదట ఆకర్షించినది ఈ విపరీతమే.

శ్రీకాకుళము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1950లో. అది ఏర్పడునాటికి ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 1937లో డాక్టరు కిణి, డాక్టరు సుబ్బారావు అనువారు ఇండియన్ మెడికల్ గెజెటులో కాన్సరు సమస్యను గూర్చి వ్రాయుచు, అంగిలి కాన్సరునకును నిప్పు లోపలనుంచి చుట్ట త్రాగుటకును గల సంబంధమును ఎత్తి చూపిరి. 1945లో బొంబాయి వైద్యశాస్త్రజ్ఞుడు ఖానోల్కరు, సూర్యాబాయితో కలిసి, ఆచారములనుండి పుట్టు కాన్సరులను గూర్చి అమెరికాలోని ఒక పత్రికలో ప్రకటించిన వ్యాసమున మన చుట్ట కాన్సరును కూడ చేర్చెను. నడుముకు బిగించిన పంచెకట్టు ఒరసికొనినచోట వచ్చు కాన్సరును గూర్చియు అందే కలదు. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్యులు కోస్తా ఆంధ్రమున నిప్పుకొస లోపలనుంచి చుట్ట త్రాగుటవలన వచ్చు అంగిలి కాన్సరును గూర్చి వివరముగా వ్రాసిరి.

ఇవన్నియు ఆసుపత్రికి వచ్చిన రోగులనుండి తెలిసిన సంగతులు. రోగి ఆసుపత్రికి రాకముందు ఊరిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనన్న ఇంటింటికిని పోవలెను. ఆ పనికి పూనుకొన్నవారు బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతపరిశోధకులు. డాక్టరు ఫాలీ మెహతా నాయకత్వమున, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్ సహకారముతో, 1966 మొదలు 1969 వరకు దేశములోని ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించిరి. ఆ ఐదింటిలో శ్రీకాకుళము ఒకటి. మన జిల్లాలో పరీక్షింపబడినవారు 10,169 మంది. వారిలో నూటికి నలుబదిమందికి పైగా అడ్డచుట్ట త్రాగువారేయని తేలినది. 1971లో బ్రిటిషు కాన్సరు పత్రికలో ఈ పరిశోధన వెలువడినది. అంతవరకు ఉద్దానపు మామిడితోటల నడుమ, పల్లెకారుల గుడిసెలలో మాత్రమే తెలిసిన ఒక అలవాటు నాటినుండి లోకమందలి వైద్యగ్రంథములకు ఎక్కినది. కరిబియను దీవులలోను, దక్షిణ అమెరికా ఉత్తరభాగమునను, ఇటలీకి చెందిన సార్డీనియాలోను, ఫిలిప్పీన్సులోను ఇట్టి అలవాటే కలదని తెలిసి, శాస్త్రజ్ఞులు ఆ తీరములను మన తీరముతో పోల్చి చూచుకొనిరి.

వారు అంగిలి మీద చూచిన మార్పులు తెలిసికొనదగినవి. మొదట అంగిలి తెల్లబారి దళసరియగును. పిమ్మట చిన్నచిన్న పొక్కుల వంటివి లేచి, వాటి నడుమ ఎర్రని చుక్కలుండును. కొందరికి తెల్లని మచ్చలు, కొందరికి ఎర్రబారిన తావులు, కొందరికి పుండ్లు ఏర్పడును. మరికొందరికి అంగిలియొక్క సహజమైన నల్లని వన్నె అక్కడక్కడ మాసిపోవును. చర్మమున ఎండనుండి మనలను కాచు ఆ మెలనిన్ వర్ణమే ఇచ్చట నిప్పు ముందు ఓడిపోవుటను చూచుచున్నాము. ఈ మార్పులన్నియు కాన్సరు కావు. వీటిలో చాలవరకు అలవాటు మానినచో తగ్గుముఖము పట్టునవే. కాని ఎర్రని తావులును మానని పుండ్లును ఉపేక్షింపదగినవి కావు.

పరిశోధకులు లెక్క చూచికొని మరలిపోలేదు. 1970ల ఉత్తరార్ధమున కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము, మన శ్రీకాకుళము జిల్లాలలో 36,471 మంది పొగాకు వాడువారిని ఎంచుకొని, ముఖాముఖి మాటలతోను, ప్రచారసాధనములతోను పొగాకువలని కీడును తెలియజెప్పి, ఏటేట వారి నోళ్ళను పరీక్షించుచు వచ్చిరి. 1986లో లాన్సెటు పత్రికలో దాని ఫలితములు వెలువడినవి. చెప్పినవారి మాట విని అలవాటు మానినవారు, తగ్గించినవారు పూర్వముకంటె స్పష్టముగా హెచ్చిరి. నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా వచ్చుట తగ్గినది. పల్లెజనము మాట వినరను అపవాదు ఆ లెక్కలతో తొలగినది.

ఇచ్చట గదిలోని ఎండకును, నోటిలోని నిప్పునకును ఒక ముఖ్యమైన భేదము తోచుచున్నది. దీపపు మంచము అంగడి వస్తువు. అందుచేత 2009లో బ్రెజిలు దేశము దానిని సౌందర్యము కొరకు వాడుటను నిషేధించినది. ఆస్ట్రేలియా రాష్ట్రములు 2015 మొదలు అట్టి అంగళ్ళను మూయించినవి. అంగడికి తాళము వేయవచ్చును. అడ్డచుట్టకు అంగడి లేదు. చుట్టను త్రిప్పి పట్టుట ఏ చట్టమునకును అందునది కాదు. అది ఇంటి అరుగుమీద, వలల ప్రక్కన, చెరువుగట్టున జరుగునది. దానిని మాన్పవలసినది మాటయే. ఆ మాటయు పరాయివాని నోట కాక ఇంటివారి నోట వచ్చినపుడే చెవికెక్కును.

ఉద్దానము పేరు వినగానే నేడు లోకము తలచునది మూత్రపిండముల వ్యాధిని. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురము ప్రాంతములలో ఎన్నో కుటుంబములు ఆ వ్యాధివలన చితికిపోయినవి. నీరా, వేడిమియా, మరొకటియా అని శాస్త్రజ్ఞులు ఏండ్లుగా వెదకుచున్నను దాని మూలకారణము ఇదియని నిర్ధారణ కాలేదు. కారణము తెలియని వ్యాధి ముందు మనిషి నిస్సహాయుడు. కాని అదే తీరమున అంగిలి కాన్సరునకు కారణము 1937 నుండియు మనకు తెలియును. తెలియని దానికి బలియగుట దురదృష్టము. తెలిసిన దానికి బలియగుటను ఏమనవలెనో పాఠకులే ఆలోచింపగలరు.

ఆచారము పూర్వమంత ప్రబలముగా లేదు. చదువుకొన్న ఆడపిల్లలు తల్లుల చుట్టను అందుకొనుట తగ్గినది. అయినను తీరగ్రామములలో వయసు మళ్ళిన స్త్రీలు నేటికిని త్రాగుచునే యున్నారు. ఇరువది ముప్పది యేండ్ల క్రితము మొదలుపెట్టినవారి నోటిలో ఆ లెక్క ఇప్పుడు తేలవలసిన కాలము వచ్చినది. కావున రేడియో యున్న ప్రతి గృహమునకును మా మనవి యిది. మీ యింట తల్లిగాని, అత్తగాని, అమ్మమ్మగాని అడ్డచుట్ట త్రాగుచున్నచో వారిని గద్దింపకుడు. పగటివెలుతురులో కూర్చుండబెట్టి, తల వెనుకకు వాల్చి, నోరు తెరువుమని చెప్పి, దీపము వేసి అంగిలిని చూడుడు. తెల్లని దళసరి మచ్చ, ఎర్రని తావు, రెండు మూడు వారములు గడచినను మానని పుండు కనిపించినచో దంతవైద్యుని వద్దకో, జిల్లా ఆసుపత్రికో వెంటబెట్టుకొని పొండు. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రియు, అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆసుపత్రియు ఉన్నవి. అంగిలి కాన్సరు తొలిదశలో పట్టుబడినచో నయమగు వ్యాధి. నొప్పి లేదు గదా అని ఊరకుండుట తగదు. మొదట నొప్పి యుండదు.

నిప్పుకొసను బయటికి త్రిప్పికొన్నచో చాలునని కొందరు అనుకొందురు. వేడి కొంత తప్పును గాని పొగ తప్పదు. గొంతునకును, ఊపిరితిత్తులకును, గుండెకును దాని కీడు ఉండనే యున్నది. మానుటయే మార్గము. ఒక్కనాట మానలేనివారు వైద్యుని సలహాతో క్రమముగా మానవచ్చును.

రాగిరంగు కొరకు గదిలో ఎండ కొనుక్కొన్న దొరసానికిని, రెండు చేతులు పనికి మిగులుటకై నిప్పును నోట దాచుకొన్న మన పల్లెటూరి తల్లికిని నడుమ సముద్రములున్నవి. ఆమెను కాపాడుటకు ప్రభుత్వము అంగడి మూయించినది. ఈమెను కాపాడుటకు ఇంటిలోనివారు తప్ప వేరెవరును లేరు. సాయంకాలము పని ముగిసి ఆమె చుట్ట తీసినపుడు ప్రక్కన కూర్చుండి నాలుగు మంచి మాటలు చెప్పుటకు ఖర్చు లేదు. ఆ పనిని మీ చేతులలో నుంచుచున్నాము.